చలిగాలిలో పసివాడు

పుష్యమాసమున పూస గ్రుచ్చుటకు పొద్దుండదని మన పెద్దలు చెప్పుదురు. ఆ కొద్దిపాటి పొద్దులో ఇంటిపనులన్నియు ముగియవలెను. అందుచేత ఈ దినములలో ప్రతి యింట జరుగు ఒక చిన్న కలహమును ఎవ్వరును పట్టించుకొనరు. రెండుమూడేండ్ల పసివాడు తెల్లవారగానే వాకిటి తలుపు గడియ నందుకొన జూచును. “అమ్మో, చలిగాలి! పడిశం పడుతుంది, లోపలికి రా నాన్నా!” అని నాయనమ్మ వానిని వెనుకకు లాగును. వాడు మారాము చేయును, ఆమె కసరును. తుదకు తలుపు మూతపడును. ప్రతి శీతకాలమునను గెలుపు నాయనమ్మదే.

ఈ తగవులో న్యాయము ఎవరి పక్షమున నున్నదో నేడు కొంచెము విచారింతము. నాయనమ్మ భయము నిరాధారము కాదు. పసివాని కోరికయు వట్టి పెంకెతనము కాదు.

పసివాని ముఖమునకు చలిగాలి తగులునప్పుడు చూడుడు. మొదట కన్నులు గట్టిగా మూసికొనును. ఒక్క క్షణము ఊపిరి బిగబట్టును. గాలితెర దాటిపోగానే కన్నులు విప్పి, తన్ను ఎత్తుకొన్నవారి మొగమువంక చూచును. ఆ మొగమున బెదురు లేకున్నచో పకపక నవ్వును. మరల గాలి యెప్పుడు వచ్చునా యని చెట్టువంక చూచుచు కాచుకొని యుండును. ఎత్తుకొన్న చేతులు బిగిసినచో, అదే బిడ్డ అదే గాలికి జడిసి యేడ్చును. కావున ఆ నవ్వులో సగము గాలిది, సగము మనది.

వేసవి గాలికి లేని యీ చమత్కారము చలిగాలికి ఎట్లు వచ్చినది? మన చర్మపు వేడి సాధారణముగా 33 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున నుండును. పుష్యమాసపు ఉదయమున హైదరాబాదులో గాలి 15 డిగ్రీలకు దిగుట మనమెరిగినదే. గాలి కదలని చోట మన చర్మమును ఆనుకొని పలుచని వెచ్చని పొర యొకటి నిలిచియుండును. అది మనకు కనబడని చొక్కా వంటిది. గాలి వీచినంతనే ఆ చొక్కా ఊడిపోవును. పసివానికి గిలిగింతలు పెట్టునది ఈ మార్పే. పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు అంటార్కిటికా ఖండమున దీనిని పరీక్షించి, ఫలితములను 1945లో ప్రకటించిరి. వారు చిన్న ప్లాస్టిక్ గొట్టములో నీరు పోసి ఆరుబయట వ్రేలాడదీసి, అది గడ్డకట్టుటకు ఎంతసేపు పట్టునో లెక్కించిరి. చలి యొక్కటే యైనను, గాలి వేగము హెచ్చినకొలది నీరు త్వరగా గడ్డకట్టినది. గాలి చలిని క్రొత్తగా పుట్టించుట లేదు. మన వేడిని త్వరగా కొనిపోవుచున్నది. పసివాని ఆనందమునకును, నాయనమ్మ భయమునకును మూలము ఈ యొక్క సంగతియే.

పసివానికి ఇందు మరియొక వింత కలదు. ఇంతవరకు వాడెరిగిన వస్తువులన్నియు కంటికి కనబడినవి. బంతి కనబడును, పిల్లి కనబడును, అమ్మ కనబడును. ఇప్పుడేదో వచ్చి చెంపను తాకినది, జుట్టు చెరిపినది, తీగెమీది చీరను ఊపినది. తిరిగి చూచిన ఎవ్వరును లేరు! 17వ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేటికిని తర్కశాస్త్ర విద్యార్థులకు తొలి పాఠ్యగ్రంథము. అందు వాయువునకు చెప్పిన లక్షణము, రూపము లేకుండ స్పర్శ గలిగియుండుట. గురువు చెంత కూర్చుండి నేర్చుకొనవలసిన ఆ లక్షణమును మన పసివాడు వాకిట నిలిచి చెంపతో నేర్చుకొనుచున్నాడు. కంటికి కనబడనిదియు ఉండవచ్చునని, దాని పనినిబట్టి దానిని గుర్తింపవచ్చునని మనిషి తెలిసికొను తొలి పాఠమిది. తలుపు మూసినపుడు మనము ఆపివేయుచున్నది ఆటను మాత్రమే కాదు.

మాటలు వచ్చిన బిడ్డ వెంటనే అడుగు ప్రశ్న, “గాలి ఎక్కడినుంచి వస్తుంది?” అని. “బూచివాడు ఊదుతున్నాడు” అని చెప్పుట సులభము. నిజము చెప్పుటయు అంత కష్టము కాదు. శీతకాలమున ఆసియా ఖండపు భూభాగము మిక్కిలి చల్లబడును. చల్లబడిన గాలి బరువెక్కి, వెచ్చని సముద్రములవైపు ప్రవహించును. సైబీరియా చలినంతయు మనమీదికి రానీయక హిమాలయము గోడవలె అడ్డుకొనును. మనకు వచ్చునది చాలవరకు ఉత్తర హిందూస్థాన మైదానములలో చల్లబడిన పొడిగాలి. అది ఉత్తరమునుండి నేరుగా దిగిన దినములలో తెలంగాణమున, అందును ఆదిలాబాదు ప్రాంతమున, ఉష్ణోగ్రత 10 డిగ్రీలకన్న తగ్గును. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున, విశాఖ మన్యములోనున్న లంబసింగిలో అంతకంటెను చలి. బంగాళాఖాతము మీదుగా వచ్చిన గాలి తేమను మోసికొని వచ్చును. ఆ తేమయే అక్టోబరు మొదలు డిసెంబరు వరకు దక్షిణ కోస్తాకు వానలిచ్చును. నెల్లూరు సీమ వానలలో అధికభాగము దీని చలువయే. “ఉత్తరాన పెద్ద కొండలున్నాయి, వాటి ఇవతలి నేల చల్లబడితే ఈ గాలి మన ఊరికి వస్తుంది” అని చెప్పిన మూడేండ్ల బిడ్డకు చాలును. ఆ మాటతో వానికి ఒక దిక్కు తెలిసినది.

గాలిని కొలుచుటకు పసివానికి పరికరము లక్కరలేదు. 1805లో ఫ్రాన్సిస్ బోఫర్ట్ అను ఆంగ్ల నౌకాధికారి గాలి బలమునకు సున్న మొదలు 12 వరకు అంకెలు కల్పించెను. తరువాతివారు వానికి నేలమీది గుర్తులను చేర్చిరి. పొగ నిట్టనిలువుగా లేచిన సున్న. పొగ ఒక ప్రక్కకు ఒరిగిన ఒకటి. మొగమునకు గాలి తగిలి ఆకులు గలగలలాడిన రెండు. ఆకులు, చిరుకొమ్మలు ఎడతెగక కదలుచు పలుచని జెండా విచ్చుకొనిన మూడు. దుమ్మును, కాగితపు ముక్కలును లేచిన నాలుగు. ఇవన్నియు మన వాకిటినుండియే కనబడును. తాటాకు చీల్చి తుమ్మముల్లుతో గుచ్చిన గాలిచక్రము చేతికిచ్చినచో, ఎటు తిరిగి నిలిచిన అది తిరుగునో వాడే కనుగొనును. సంక్రాంతి గాలిపటము కూడ ఆటవస్తువు మాత్రమే కాదు. 1749లో గ్లాస్గో నగరమున అలెగ్జాండర్ విల్సన్ గాలిపటములకు ఉష్ణమాపకములు కట్టి ఎగురవేసి, పైగాలి వేడిని తెలిసికొన యత్నించెను.

ఇక నాయనమ్మ పక్షము విందము. చిన్నబిడ్డ శరీరపు బరువుతో పోల్చిచూచిన, దాని చర్మపు వైశాల్యము మనకంటె చాల హెచ్చు. అందుచేత వేడి త్వరగా పోవును. శిశువు దేహములో తల భాగము పెద్దది. తల కప్పకున్నచో నష్టము మరింత. పురిటిబిడ్డ మనవలె వణకి వేడి పుట్టించుకొనజాలదు. కావున నెలల బిడ్డను గాలిలోనికి తీసికొని పోవలదని పెద్దలు చెప్పిన మాట అక్షరాల పాటింపదగినది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డల విషయమున జాగ్రత్త ఇంకను అవసరము. జ్వరముతో నున్న బిడ్డకును, ఉబ్బసము గల బిడ్డకును వైద్యుని సలహాయే ప్రమాణము.

ఈ కాలపు అపాయము మరియొకటి నాయనమ్మల కాలమున లేదు. తెల్లవారుజామున పిల్లవానిని స్కూటరు ముందు నిలబెట్టుకొని బయలుదేరుదుము. ఆనాడు ఆకైనను కదలకపోవచ్చును. కాని బండి గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవునపుడు ఆ బిడ్డ మొగమునకు తగులునది అంత వేగము గల గాలియే. బోఫర్ట్ లెక్కలో అది ఆరవది. పెద్ద కొమ్మలు ఊగి, తంతులు ఈలవేయు గాలి. వాకిట రెండవ అంకె గాలికి బిడ్డను బయటకు రానీయని మనమే, వీధిలో ఆరవ అంకె గాలికి ఎదురు నిలుపుచున్నాము.

అయినను జలుబును పుట్టించునది గాలియేనా? కాదు. జలుబు, దగ్గు, పడిశము సూక్ష్మక్రిములవలన వచ్చును. ఒకరినుండి ఒకరికి అంటుకొనును. ముక్కు లోపలి భాగము చల్లబడినపుడు కొన్ని క్రిములు అందు సులభముగా పెరుగునని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. నాయనమ్మ మాటలో ఆ మాత్రము సత్యము కలదు. కాని క్రిమి లేనిదే జలుబు లేదు. ఆ క్రిమి దొరకు చోటు వాకిలి కాదు. తలుపులు, కిటికీలు బిగించి పదిమంది ఒక్కచోట దగ్గుచు, తుమ్ముచు కూర్చున్న గది.

ఆ మూసిన గదిలో అంతకు మించిన శత్రువు పొగ. కట్టెలు, పిడకలు కాల్చు ఇండ్లలో చలికని కిటికీ మూసినపుడు వంటపొగయంతయు గదిలోనే నిలుచును. పొయ్యి ప్రక్క వెచ్చగా నుండునని బిడ్డను అక్కడనే కూర్చుండబెట్టుదుము. ఇంటిలోని పొగ చిన్నపిల్లలకు న్యుమోనియా సోకు అపాయమును దాదాపు రెండింతలు చేయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాంతకము. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నిద్రలోనున్నవారు మేల్కొనకుండనే మరణింపవచ్చును. చలిగాలి తన రాకను చెంపమీద కొట్టి చెప్పును. ఈ విషము చెప్పదు. నగరములందును ఇట్టి విపర్యాసమే కలదు. శీతకాలపు ఉదయములందు గాలి స్తంభించినపుడు పొగ, ధూళి నేలకు దగ్గరగా పేరుకొనును. వానిని చెదరగొట్టునది గాలియే. బొత్తిగా గాలి లేని ఉదయమునకే మనము ఎక్కువ జంకవలెను.

కావున మేము చెప్పునది తలుపులు బార్లా తెరువుమని కాదు, సమయమెరిగి తెరువుమని. ఎండ పొడసూపి మంచు విడిన పిదప బిడ్డను వాకిటికి తీసికొని రండు. ఒక్క మందపు బట్టకన్న రెండు మూడు పలుచని బట్టలు మేలు. వాని నడుమ నిలిచిన గాలియే వెచ్చదనము నిచ్చును. తలయు చెవులును కప్పుడు. మొగము మాత్రము గాలికి విడువుడు. ఆడి చెమర్చిన బట్టలను వెంటనే మార్చుడు. తడిబట్ట ఒంటినుండి వేడిని లాగివేయును. చేతులు, పాదములు చల్లబడినను, వణకు మొదలైనను లోనికి రండు. మొదట పది నిమిషములు చాలును.

దగ్గు, జలుబు గల బిడ్డ ఊపిరిని ఒక పూర్తి నిమిషము లెక్కించుట తల్లులందరును నేర్చుకొనవలెను. బిడ్డ ఏడ్వకుండ ఊరకున్నపుడు లెక్కింపవలెను. రెండు నెలల లోపు శిశువునకు నిమిషమునకు 60, రెండు నెలలు మొదలు ఏడాది వరకు 50, ఏడాది మొదలు ఐదేండ్ల వరకు 40, లేక అంతకు మించి ఊపిరులున్నచో ఆలస్యము చేయక వైద్యుని కడకు పోవలెను. ఊపిరి తీయునపుడు డొక్క లోనికి పోయినను, బిడ్డ పాలు త్రాగ మానినను అంతే. అప్పుడు గాలి సోకినదని దిష్టి తీయుచు కూర్చుండరాదు.

శివరాత్రికి చలి శివశివా యనుచు పోవునని సామెత. అంతవరకు మిగిలిన ఉదయములు లెక్కకు కొన్నియే. అందును, గాలి తగిలిన మాత్రమున అకారణముగా నవ్వు వయస్సు మనిషికి రెండు మూడు శీతకాలములకు మించి యుండదు. ఆ శీతకాలములను పొగ నిండిన గదిలో గడపనీయకుడు. రేపు ఎండ వచ్చిన తరువాత, నాయనమ్మయే వానికి చెవుల టోపీ తొడిగి, ఎత్తుకొని, గడియ తీయవలెను. ఆమె చేతులలో నున్నపుడే వానికి ఆ గాలి భయము గొలుపదు.