ఉక్కు తడిక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ముద్రిత గ్రంథములను భద్రపరచిన ఈ మందిరమున, లోహమును సైతము ముద్రించు ఒక నూతన విద్యను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

1983వ సంవత్సరమున అమెరికావారి చాలెంజర్ వ్యోమనౌక కిటికీ అద్దమునకు ఎండిన రంగుపెచ్చు ఒకటి తగిలి గుంట పడినది. ఆ పెచ్చు ఆవగింజకంటెను చిన్నది. అంత చిన్నదానికి అంత బలము వేగమువలన కలిగినది. వేగము రెట్టింపైనచో దెబ్బయందలి శక్తి నాలుగు రెట్లగును. సెకనుకు 10 కిలోమీటర్ల వేగముతో వచ్చు ఒక్క గ్రాము తునక, పది క్వింటాళ్ల బరువు 5 మీటర్ల ఎత్తునుండి పడినంత శక్తిని మోసికొని వచ్చును.

అట్టి దెబ్బకు మిక్కిలి గట్టి లోహమే తాళునని మనకు తోచును. కాని గట్టిదన మొక్కటియే చాలదు. దెబ్బ తగిలినంతనే లోహములో ఒత్తిడి తరంగము బయలుదేరి, వెనుక ముఖమును తాకి, లాగుడు తరంగమై మరలివచ్చును. ముందువైపు చిల్లి పడకున్నను వెనుకవైపు పెచ్చులు ఊడవచ్చును. లోపలనున్న వారికి ఆ పెచ్చులే ప్రాణాంతకములు కావచ్చును.

దీనికి తగిన ఉపాయము పల్లెవాసులకు క్రొత్తది కాదు. తడిక కట్టి మట్టి మెత్తిన గోడను తలచుకొనుడు. మట్టి బీటలు వారినను తడిక దానిని రాలనీయదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 2017లో ప్రకటించిన పద్ధతి ఇట్టిదే. ఉక్కుపొడిని పలుచగా పరచి, లేజర్ కిరణముతో కావలసినచోట మాత్రమే కరగించి, పొరమీద పొరగా ఉక్కు తడికను నిర్మించిరి. పిమ్మట దాని సందులలో కరగిన అల్యూమినియము మిశ్రమమును నింపిరి. ఆ మిశ్రమము సుమారు 600 డిగ్రీలకే కరగును. ఉక్కు కరగుటకు దాదాపు 1,400 డిగ్రీలు కావలెను. కావున తడిక చెడదు. ఈ జంటలోహమును లాగి చూడగా, అల్యూమినియము పలుచోట్ల పగిలినను ఉక్కు దానిని విడిపోనీయక పట్టి నిలిపినది. ఒకచోటి దెబ్బను పలుచోట్లకు పంచుటయే ఇందలి రహస్యము.

అయితే ఒక హెచ్చరిక. పొడి సరిగా కరగనిచో లోపల సూదిమొనంత రంధ్రము మిగులును. పైకి నున్నగానే కనబడును. దెబ్బ తగిలిననాడు పగులు అచ్చటనే పుట్టవచ్చును. లోపలిభాగమును ఎక్స్‌రే కిరణములతో పరీక్షింపక ఏ లోహమును మనుష్యుల ప్రాణములకు కాపుగా నిలుపరాదు.

తడిక గోడలు మెత్తిన చేతులకు ఈ శాస్త్రము అందరానిది కాదు. మన యువకుల కొరకు ఈ గ్రంథాలయమున శాస్త్రగ్రంథములకు ఒక బీరువా ప్రత్యేకింపవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.