వెంట వచ్చిన శునకము

మహాప్రస్థానిక పర్వాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ధర్మకర్తలవారు ఆదేశించారు. ఆ పర్వం పేరు వినగానే నాకు హిమాలయం కంటె ముందు దివిసీమలోని మా ఇంటి వీధి అరుగు జ్ఞప్తికి వస్తుంది. ఆ సంగతి చెప్పి పర్వంలోకి వస్తాను, మన్నించండి.

మాది వైదిక కుటుంబం. ప్రతిదినం మధ్యాహ్నం మా తండ్రిగారు వైశ్వదేవం చేసి, కాకులకూ కుక్కలకూ అన్నపు ముద్దలు వెలుపల పెట్టించేవారు. కుక్కకు పెట్టిన పిమ్మటనే గృహస్థు భుజించాలన్నదీ ఆచారమే, కుక్క గడప దాటరాదన్నదీ ఆచారమే. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎట్లా ఇమిడాయో ఏడేళ్ల నాకు బోధపడేది కాదు. ముద్ద తీసుకుపోయి అరుగు రాతిమీద ఉంచడం నా వంతు. గోధుమవన్నె కుక్క ఒకటి వేళకు వచ్చి కూర్చునేది. అది నా సొంతం కావాలన్న కోరిక అట్లా పట్టుకుంది. అది నా పక్కలో పడుకున్నట్లు, బామ్మ చూచి కూడా ఏమీ అననట్లు కలలు వచ్చేవి. ఒకనాడు దాని తల నిమురుతూ బామ్మ కంటబడ్డాను. బావి దగ్గర నిలబెట్టి నాలుగు చేదల నీళ్లు నెత్తిన కుమ్మరించి, ఇంకెన్నడూ ముట్టనని ఒట్టు వేయించింది.

ఉపనయనమైన ఏడు నన్ను సంస్కృతాధ్యయనానికి బందరు పంపారు. కృష్ణ పులిగడ్డ వద్ద రెండుగా చీలి మా సీమను చుట్టుకుంటుంది కదా, బందరు వైపు రావాలంటే పాయ దాటవలసిందే. రేవు దాకా ఎడ్లబండి, బండి వెనుక కుక్క. పడవ కదలగానే అది మెడలోతు నీళ్ల దాకా వచ్చి ఆగింది. "దాన్నీ ఎక్కించుకుందామా నాన్నగారూ" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఒట్టు అడ్డు రాలేదు. పడవలోని వారు నవ్వుతారని సిగ్గుపడ్డాను. సెలవులకు వచ్చేసరికి కుక్క లేదు. నేను వెళ్లాక కొన్నాళ్లు మధ్యాహ్నం వేళ రేవుకు పోయేదని అమ్మ చెప్పింది.

అనంతరం గుడివాడలో ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కలు గలవారికి స్వర్గంలో చోటు లేదు, దానిని విడిచి రమ్మంటాడు. ధర్మరాజు రానంటాడు. "ఆ కుక్క సాక్షాత్తు ధర్మదేవతే కదా" అని నేనూ చాలాకాలం తేల్చివేసేవాణ్ణి. ఒక ఏడు ఒక విద్యార్థి అడిగాడు: "ఆ సంగతి ధర్మరాజుకు తెలుసాండీ?"

తెలియదు. తెలిస్తే ఇక పరీక్ష ఎక్కడిది? ద్రౌపది, తమ్ముళ్లు ఒక్కొక్కరే పడిపోతున్నా వెనుదిరిగి చూడని ఆ మహానుభావుడు, హస్తినాపురం నుంచి వెంట వచ్చిన ఒక మామూలు కుక్క కోసం రథం ముందు నిలిచిపోయాడు. అది ఆయన పెంచుకున్నదీ కాదు, దానికొక పేరూ లేదు. వ్యాసులవారు ఆ ఘట్టంలో దానిని భక్తుడనే అన్నారు. మనం ఆ మాటను మనకే అట్టిపెట్టుకున్నాం. ఆనాడు నాకు పాఠం ముందుకు సాగలేదు. రేవు కనబడింది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మా ఇల్లు పోయింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే గోడలు లేవు, బావి పూడిపోయింది. అరుగు రాయి మాత్రం ఉన్నచోటనే ఉంది.

ఇప్పుడు గుడివాడ ఇంట్లో వైశ్వదేవం నేనే చేస్తున్నాను. ముద్ద పట్టుకుని వీధిలోకి వెళ్లడం మా మనుమడి వంతు. వాడు కుక్క తల నిమిరి వస్తాడు. కోడలు సబ్బుతో చేతులు కడుక్కోమంటుంది. నేను చూస్తాను, ఏమీ అనను.