ఫ్యాక్టరీ ఇల్లు కొనేముందు - మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

(సుబేదారిలో జరిగిన మన సంఘ సమావేశంలో ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1981లో విద్యుత్ బోర్డులో చేరి, 2016లో పంపిణీ సంస్థలో పదవీ విరమణ చేశాను. రోజూ పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడిచేటప్పుడు మిత్రులు నన్ను ఆపి ఒకటే విషయం అడుగుతున్నారు. "లారీమీద ఇల్లు తెప్పించావట గదా, మేమూ తెప్పించుకోవచ్చా?" అని. ఒక్కొక్కరికి చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు నా కథ చెప్పాలి. పరకాల వైపు మా ఊళ్ళో మా నాయన కట్టించిన మట్టిగోడల పెంకుటిల్లు 2023 జూలై వానలకు కూలిపోయింది. మా ఇంటామెకు ఆ ఊరంటే ప్రాణం. చివరి రోజులు అక్కడే గడపాలని ఆమె కోరిక. మేస్త్రీని పిలిస్తే ఏడాది పడుతుందన్నాడు. ఇంతలో ఎవరో ఫ్యాక్టరీ ఇళ్ళ బొమ్మలు చూపించారు. నలభై అయిదు రోజుల్లో ఇల్లు వస్తుందంటే నమ్మి, కమ్యుటేషన్ సొమ్ములో దాచుకున్నది తీసి సగం ధర అడ్వాన్సు ఇచ్చాను. నా చేతికి వచ్చింది ఒక కొటేషన్ కాగితం, ఒక విజిటింగ్ కార్డు. ఇల్లు వచ్చేసరికి అయిదు నెలలయింది. ఇక ప్రశ్నల్లోకి వస్తాను.

1. ఈ ఇళ్ళు ఎన్ని రకాలు?

మనకు దొరికేవి ముఖ్యంగా మూడు. మొదటిది ఓడల్లో సరుకు మోసిన పాత కంటైనరును కోసి, కిటికీలు పెట్టి చేసేది. ఇరవై అడుగుల పెట్టె వెడల్పు ఎనిమిది అడుగులే. లోపల రేకులు కొట్టాక ఇంకా తగ్గుతుంది. మంచం వేస్తే నడవడానికి కొంచెమే జాగా. పైగా పాత కంటైనర్ల చెక్క నేలకు పురుగు పట్టకుండా మందు కొట్టి ఉంటారు. ఆ నేల మార్పించనిదే పడుకోవద్దు. రెండవది ఇనుప చట్రానికి రెండు రేకుల నడుమ నురుగు నింపిన పలకలు బిగించి, మొత్తంగా లారీమీద తెచ్చేది. నాది ఇదే. మూడవది కాంక్రీటు గోడలో, తేలిక ఉక్కు చట్రాలో ఫ్యాక్టరీలో చేసి, తెచ్చి మన జాగాలో కూర్చేది. ఇది శాశ్వతమైన ఇల్లే. కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో శంకుస్థాపన చేసిన లైట్ హౌస్ ప్రాజెక్టుల్లో చెన్నైలో 1,152 ఇళ్ళు ఇలా కాంక్రీటు భాగాలు కూర్చి కట్టినవే.

2. అతికించిన ఇల్లు నిలుస్తుందా?

ఒక మిత్రుడు నవ్వుతూ అడిగారు. మన వేయిస్తంభాల గుడినే చూడండి. అక్కడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయి విప్పి, కింద పునాది మళ్ళీ వేసి, తిరిగి పేర్చి, 2024 మార్చిలో ప్రారంభించారు. అతుకుల్లో లోపం లేదు. అతికే చేతిలోను, కింది పునాదిలోను ఉంది అసలు సంగతి. నల్లరేగడిలో నేలమీద ఇటుకలు పెట్టి ఇల్లు దించితే రెండు వానలకు ఒక మూల కుంగి, తలుపులు పట్టవు. గట్టి నేల దాకా తవ్వి కాంక్రీటు దిమ్మెలు పోయించి, వాటికి బోల్టులతో ఇంటిని బిగించాలి. మన దగ్గర మే నెల గాలిదుమారం ఎట్లా ఉంటుందో విరిగిన స్తంభాలు ఎత్తినవాణ్ణి, నాకు తెలుసు.

3. చెప్పిన ధరకే వస్తుందా?

రాదు. నాకు చెప్పింది నాలుగు లక్షల ఎనభై వేలు. పద్దెనిమిది శాతం జీఎస్టీ వేరు, లారీ వేరు, క్రేను వేరు, దిమ్మెలు వేరు. సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ పైపులు, మీటరు, వైరింగు అన్నీ కలిపి ఎనిమిది లక్షలకు దగ్గరయింది. కనుక "మా జాగాలో నిలబెట్టి, దీపం వెలిగించి తాళంచెవి ఇచ్చేదాకా ఎంత?" అని అడిగి కాగితంమీద రాయించుకోండి.

4. దారి సంగతేమిటి?

ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా వీధి మొదట్లో లారీ ఆగిపోయింది. పైన సర్వీసు తీగలు అడ్డం. ముప్పై అయిదేళ్ళు తీగల కింద తిరిగినవాణ్ణి, తీగల ఎత్తు కొలవడం మరిచాను. లైన్ క్లియర్ తీసుకుని తీగలు విప్పించేసరికి తెల్లవారింది. లారీకి, క్రేనుకు రెండు రోజుల బాడుగ. ఊరంతా ఆ రాత్రి మా ఇంటిని బజార్లోనే చూసింది. లారీ ఎత్తు, ఇంటి ఎత్తు కలిపి లెక్కకట్టి, మలుపులు, కల్వర్టులు, చెట్టుకొమ్మలు, తీగలు ముందే చూసుకోండి.

5. ఎండకు ఉండగలమా?

మొదటి వేసవిలో మధ్యాహ్నం లోపల కూర్చోలేకపోయాం. మా ఇంటామె చాప తీసుకుని వేపచెట్టు కిందికి పోయింది. "ఇల్లయితే తెచ్చిన్రు గని, సల్లదనం తేలే" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆమె కోసం తెచ్చిన ఇంట్లో ఆమె ఉండలేకపోయింది మరి. తర్వాత ఇంటిపైన రెండడుగుల ఎడంతో ఇంకొక రేకుల కప్పు వేయించాను, పడమటి వైపు పందిరి వేసి తీగ పాకించాను. ఇప్పుడు ఉండగలుగుతున్నాం. కోతులు గెంతితే మాత్రం రేకుమీద పిడుగు పడ్డట్టే. పలక మందం ఎంత, లోపల నింపింది ఏమిటి అని అడగండి. నురుగు చల్లదనం ఇస్తుంది గాని నిప్పంటితే మండి పొగ కమ్ముతుంది. రాతి నూలు నింపింది మండదు. వంట గది గోడకైనా అది కోరుకోండి.

6. కరెంటు భద్రత?

ఇది నా సబ్జెక్టు. ఇనుప ఇంట్లో ఒక ఫేజు తీగ తొక్క ఊడి చట్రానికి తగిలితే గోడలన్నీ కరెంటే. చట్రాన్ని ఎర్త్ చేయించండి. ముప్పై మిల్లీ ఆంపియర్లకే ట్రిప్పయ్యే బ్రేకరు పెట్టించండి. నెలకొకసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. దీంట్లో మాత్రం పొదుపు చేయవద్దు.

7. అనుమతి, రిజిస్ట్రేషన్, అప్పు?

"చక్రాలమీద వచ్చింది గదా, పర్మిషన్ ఎందుకు?" అంటారు అమ్మేవాళ్ళు. నమ్మకండి. దిమ్మెలకు బిగించి కాపురం పెడితే అది కట్టడమే. ఊళ్ళో పంచాయతీని, పట్నంలో మునిసిపాలిటీని అడగాలి. పొలంలో పెట్టదలిస్తే 2006 నాటి చట్టం ప్రకారం ఆ భూమిని వ్యవసాయేతరంగా మార్పించుకోవాలి. చట్టం దృష్టిలో భూమికి శాశ్వతంగా బిగించినది స్థిరాస్తి, విడిగా ఉన్నది సరుకు. రిజిస్ట్రేషన్ అయ్యేది భూమికి. ఇంటికి మిగిలేది బిల్లు. ఆ బిల్లు ఎవరి పేర ఉండాలో ముందే ఆలోచించండి. నేను భార్యాభర్తలిద్దరి పేరా రాయించాను. భూమి కాగితాలు, మంజూరైన ప్లాను లేకపోతే గృహరుణం కష్టమని నాకు బ్యాంకులో చెప్పారు.

8. అమెరికాలో ఇవి మామూలే కదా?

పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చినవారు చూసే ఉంటారు. అక్కడ 1976 జూన్ 15 నుంచి ఇలాంటి ఇళ్ళకు దేశమంతటికీ ఒకే నిబంధనావళి అమల్లో ఉంది. దాని ప్రకారం తయారైన ప్రతి భాగానికీ ఎర్రని లోహపు బిళ్ళ అతికిస్తారు. మనం కొనే పెట్టె ఇళ్ళకు అట్లాంటి బిళ్ళ లేదు. కాబట్టి మన కాగితమే మన బిళ్ళ.

9. మోసపోతే ఎవరికి చెప్పుకోవాలి?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. యాభై లక్షల లోపు కొనుగోలుకు జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల వరకు ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. కాని చేతిలో రాత ఉండాలి. నా ఇంట్లో ఒక అతుకు కారితే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను, వచ్చి బాగుచేశారు. ఎందుకంటే కొటేషన్‌లో ఏడాది గ్యారంటీ అని ఉంది. మూడు నెలల పైబడిన ఆలస్యానికి మాత్రం పైసా రాలేదు. ఎందుకంటే తేదీ ఎక్కడా రాసి లేదు. కనుక సొమ్ము విడతలుగా ఇవ్వండి. ఫ్యాక్టరీకి వెళ్ళి చట్రం కళ్ళారా చూశాక ఒక విడత, జాగాలో దించాక ఒక విడత. చివరి విడత ఒక వాన చూశాక ఇస్తానని ఒప్పందంలోనే రాయించండి.

ఇంతకూ కొనవచ్చా అంటే, కొనవచ్చు. తొందరగా నీడ కావాలనుకునేవారికి, ఊళ్ళో సొంత జాగా ఉన్నవారికి పనికొస్తుంది. కాని ఉన్న పెన్షన్ సొమ్మంతా దీంట్లో పోయవద్దు. మందులకు, ఆసుపత్రికి పక్కన పెట్టాక మిగిలినదానితోనే చూడండి. ఇంకొకటి. కొనేముందు మీ ఇంటావిడను వెంట తీసుకెళ్ళి, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు అలాంటి ఇంట్లో ఒక గంట కూర్చోబెట్టండి. ఆమె సరే అంటేనే అడ్వాన్సు ఇవ్వండి. నేను ఆ పని చేయలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎవరికైనా నా ఒప్పందం నమూనా, ఖర్చుల పట్టిక కావాలంటే సంఘం ఆఫీసులో ప్రతి ఉంచాను, చూసుకోవచ్చు.