సైరను వినబడినప్పుడు

రహదారిపై బండ్లు పోవుచుండగా వెనుకనుండి పోలీసు కారు సైరను వినబడినదనుకొందము. ఆ క్షణమున ముందున్న నలుగురు డ్రైవర్లు నాలుగు విధముల ప్రవర్తింతురు. ఒకరు ఉన్నచోటనే బ్రేకు త్రొక్కుదురు. ఒకరు కుడికి, ఒకరు ఎడమకు తిప్పుదురు. నాల్గవవారు అద్దములు మూసికొని పాట వినుచుండుటచే వారికి సంగతియే తెలియదు. వెనుక వచ్చుచున్న పోలీసు డ్రైవరు ఈ నలుగురి ఉద్దేశములను రెండు మూడు క్షణములలో గ్రహించి దారి వెదకుకొనవలెను. అతని విద్య యెట్టిది, దానికి మనము చేయదగిన సహాయమేమి అనునదే నేటి ప్రసంగ విషయము.

ఈ విద్యకు ఒక క్రమము నేర్పరచిన చోట్లలో లండను నగరపు ఉత్తరభాగముననున్న హెండన్ ముఖ్యమైనది. 1930 తరువాతి దశాబ్దమున లండను వీథులలో మోటారు బండ్లు పెరిగినవి. పోలీసువారి కార్లును తఱచు ప్రమాదములకు లోనగుచుండెను. అప్పటి పోలీసు కమిషనరు ట్రెంచర్డ్ ప్రభువు 1934లో హెండన్‌లో పోలీసు కళాశాలను నెలకొల్పెను. అచ్చటనే డ్రైవింగు పాఠశాలయు వెలసినది. మోటారు పందెములలో పేరెన్నికగన్న కాటెన్‌హామ్ ప్రభువు ఆ దశాబ్ది చివర వారి శిక్షణను తీర్చిదిద్దెను. ఆ బోధనల సారము 1955లో ‘రోడ్‌క్రాఫ్ట్’ అను పుస్తకముగా వెలువడి సామాన్యజనులకును అందినది. పలుమార్లు సవరింపబడి, నేటికిని బ్రిటిషు పోలీసు డ్రైవర్లకు అదియే పాఠ్యగ్రంథము.

ఇందొక విశేషమున్నది. పందెములలో కారు తోలిన ఆ ప్రభువు పోలీసులకు నేర్పినది వేగముకంటె ఆలోచన. మలుపు, కూడలి, ఆగిన బస్సు, వీథి దాటు పసివాడు, ఇట్టి అపాయస్థానము ఏది యెదురైనను డ్రైవరు చేయవలసిన పనులకు ఒక వరుస ఉండవలెనని ఆ పద్ధతి చెప్పుచున్నది. నేటి గ్రంథమున ఆ వరుస అయిదు మెట్లుగా నున్నది. మొదటిది సమాచారము: ముందు వెనుకల, ఇరుప్రక్కల ఏమున్నదో తెలిసికొనుట. రెండవది స్థానము: ఎక్కువ దూరము కనబడునట్లు, క్షేమముగా నుండునట్లు బండిని రోడ్డుపై ఉంచుట. మూడవది వేగమును సరిచేయుట. నాల్గవది ఆ వేగమునకు తగిన గేరు వేయుట. కడపటిది అపాయస్థానమును దాటుటకు తగినట్లు మరల వేగము పెంచుట. మొదటి మెట్టయిన సమాచారము తక్కిన నాల్గింటిని వెన్నంటియే యుండును.

ఈ శిక్షణలో రేడియో శ్రోతలకు నచ్చదగిన ఘట్టమొకటి కలదు. విద్యార్థి బండి నడుపుచు, తాను చూచుచున్నదానిని, దానినిబట్టి తాను చేయబోవుదానిని పైకి చెప్పుచుండవలెను. ఆటస్థలమునుండి క్రికెట్టు వ్యాఖ్యానము చెప్పినట్లే యుండును. ‘ఎడమ ప్రక్క బస్సు ఆగినది, దాని ముందునుండి ఎవరైన దాటవచ్చును, కొంచెము కుడికి జరుగుచున్నాను. అదిగో, రోడ్డుమీదికి బంతి దొర్లివచ్చినది. వెంట బాలుడు రావచ్చును. వేగము తగ్గించుచున్నాను’ అని ఈ తీరున సాగును. విద్యార్థి కన్ను ఎంతదూరము పోవుచున్నదో ప్రక్కన కూర్చున్న గురువునకు దీనివలన తెలియును. బంతిని చూచుట సామాన్యము. బంతి వెనుక రాబోవు బాలుని ముందుగా ఊహించుటయే విద్య.

మరియొక మూలసూత్రము: అడ్డులేదని స్పష్టముగా కనబడు దూరములోపల బండిని ఆపగలిగినంత వేగముననే పోవలెను. బ్రిటనులోని రహదారి నియమావళి ఇచ్చు లెక్కలు చూతము. గంటకు 48 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఆగుటకు 23 మీటర్లు పట్టును. అందులో 9 మీటర్లు డ్రైవరు అపాయమును గుర్తించి బ్రేకుపై కాలు పెట్టులోపలనే గడచిపోవును. వేగము రెట్టింపై 96 కిలోమీటర్లయినచో ఆగుటకు 73 మీటర్లు పట్టును. బ్రేకు త్రొక్కిన పిమ్మట పోవు దూరము 14 మీటర్లనుండి 55 మీటర్లకు, అనగా సుమారు నాలుగు రెట్లకు పెరుగుచున్నది. సైరను మ్రోగించినంతమాత్రమున ఈ లెక్క మారదు.

అయినను ఈ విద్యకు పెద్ద శత్రువు డ్రైవరు మనసులోనే యున్నది. దొంగను వెంటాడునప్పుడు గాని, ఆపదలోనున్నవారి పిలుపు అందినప్పుడు గాని ఆవేశము కన్నులను కప్పును. దీనిని బ్రిటిషు పోలీసులు ‘ఎఱ్ఱని మంచు’ అందురు. ఆ మంచు క్రమ్మినవానికి ఎదుటి కారు తప్ప ప్రక్కవీథి కనబడదు. చట్టమును ఈ ఆవేశమునకు సెలవీయలేదు. అత్యవసర కార్యముపై పోవునప్పుడు వేగపరిమితినుండి 1984 నాటి బ్రిటిషు చట్టము మినహాయింపు నిచ్చినది. ఎఱ్ఱదీపమును సైతము, ఇతరులకు అపాయము కలుగకుండ దాటవచ్చును. అంతేకాని అపాయకరముగా నడుపు హక్కు ఎవరికిని లేదు. 2022లో వచ్చిన చట్టము మాత్రము ఒక న్యాయమైన మార్పు చేసినది. పోలీసు డ్రైవరు తీరును సామాన్య డ్రైవరుతో గాక, అట్టి శిక్షణనే పొందిన జాగరూకుడైన పోలీసుతో పోల్చి విచారింపవలెనని అది విధించినది.

ఇక మన సంగతి. సైరను ఆజ్ఞయని పలువురు తలంతురు. మంచి శిక్షణ పొందిన డ్రైవరు దానిని అభ్యర్థనగానే భావించును. ఎదుటివాడు వినియుండడేమో, వినియు పొరబడునేమో అని సందేహించుచునే ముందుకు పోవును. ఈ సందేహమునకు కారణమున్నది. ధ్వని మన రెండు చెవులకు చేరుటలోని స్వల్పభేదమునుబట్టి దాని దిక్కును మెదడు గ్రహించును. కొద్ది శ్రుతులుగల సైరను ధ్వని ఇందుకు అంతగా అనుకూలింపదు. ఎత్తైన మేడల గోడలకు తగిలి మారుమ్రోగినచో దిక్కు తెలియుట మరింత కష్టము. కావున చెవిని మాత్రమే నమ్మక, వెంటనే అద్దములలో చూడవలెను. బండి ఎటునుండి వచ్చుచున్నదో, ఎటు పోవనున్నదో ముందు తెలిసికొనవలెను.

తరువాత చేయవలసినది తొందర పడకుండుట. ఉన్నచోట హఠాత్తుగా ఆగరాదు. వెనుకవాడు మనకు తగులును. మలుపువద్ద, ఇఱుకైన చోట, రోడ్డు మధ్య దిమ్మె ఎదుట ఆగినచో దారి యిచ్చుటకు మారుగా దారి మూసినవారమగుదుము. అట్టిచోట మరికొంత ముందుకు సాగి, వెడల్పు దొరికిన తావున ఆగుట మేలు. ఏ వైపునకు పోదలచితిమో సూచిక దీపముతో తెలిపి, మెల్లగా ప్రక్కకు తీయవలెను. కాలిబాటపైకి ఎక్కింపరాదు, అచ్చట నడచువారుందురు. కూడలివద్ద ఎఱ్ఱదీపమును దాటి ముందుకు దుముకరాదు. దారి యిచ్చుటకే యైనను, బ్రిటనులో సామాన్య డ్రైవరునకు అది నేరమే. ఒక బండి దాటిపోగానే మరల రోడ్డెక్కరాదు. దాని వెనుక రెండవది రావచ్చును. ఖాళీయైన దారి దొరికినదని దాని వెంటబడి పోవుట అన్నిటికంటె తగనిపని.

మన దేశమునను ఇంగ్లండునందువలె ఎడమవైపుననే నడచుట రివాజు. కనుక ఈ పాఠములు మనకు సులభముగా అన్వయించును. మన రోడ్లపై ఆటోలు, మోటారు సైకిళ్లు, తోపుడుబండ్లు, పశువులు కలిసి సాగుచుండును. కావున మరింత జాగ్రత్త వలయును. అగ్నిమాపక శకటమునకు, అంబులెన్సునకు, రాష్ట్రప్రభుత్వము పేర్కొను ఇతర అత్యవసర వాహనములకు దారి యీయనివారికి ఆరు నెలలవరకు ఖైదుగాని, పదివేల రూపాయల జుర్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునని మన మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ చెప్పుచున్నది. కాని శిక్షాభయము దారి యీయవలెనని చెప్పగలదేగాని, ఎట్లీయవలెనో నేర్పజాలదు.

పోలీసు డ్రైవరు ఎంత నేర్పరియైనను, ముందున్న బండి ఏమి చేయునో తెలియనప్పుడు అతని విద్య సగమే పనికివచ్చును. తక్కిన సగము మన చేతిలో నున్నది. మన యింటిలో బండి నడుపువారందఱతోను ఈ సంగతులు ఒకమారు ముచ్చటింతము. సైరను వినబడినప్పుడు అద్దము చూచి, సూచిక దీపము వేసి, నిదానముగా ఎడమకు ఒదుగుట అలవాటైనచో, ఆ బండికొఱకు ఎదురు చూచువారికి సహాయము కొంత త్వరగా, క్షేమముగా అందును.