జీవికా భయం, పరిషత్ భయం

(బుద్ధ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను చరిత్ర అధ్యాపకునిగా ఆహ్వానించారు. శాలిహుండం, అమరావతి, నాగార్జునకొండల గురించి మాట్లాడవలసిందిగా కోరారు. మనలో చాలామంది తాతముత్తాతలు శ్రీకాకుళం తీరం నుండి వచ్చినవారే కనుక శాలిహుండం స్తూపం గురించి చెబితే సభకు సంతోషం కలుగుతుందని నాకూ తెలుసు. అయినా కార్యదర్శి గారి అనుమతితో విషయం మార్చుకున్నాను. కారణం చెబుతాను.

రెండు నెలల క్రితం ఆదివారం వందన ముగిశాక ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. ఆమె కుమారుడు డిగ్రీ పూర్తిచేసి ఆరేళ్లయింది. గదిలో నుండి బయటికి రాడు. బంధువులు వస్తే పెరటి దారిన వెళ్లిపోతాడు. ఉద్యోగ ప్రకటన వస్తే దరఖాస్తు నింపుతాడు, పిలుపు వస్తే పడుకుంటాడు. “సోమరిపోతు అంటున్నారు మాష్టారూ. వాడికి ఏ సుత్తం చదివి వినిపించమంటారు?” అని అడిగింది. ఆ రోజు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం ఆమెకు బాకీపడిన సమాధానం.

మొదట ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ వేదిక మీద నిలబడి మాట్లాడుతున్న నేను 2003లో విశాఖపట్నంలో ఎం.ఏ. పూర్తిచేసి, 2011 వరకు ఏ ఉద్యోగమూ చేయలేదు. ఎనిమిది సంవత్సరాలు. వ్రాత పరీక్షలు రాశాను, చాలా వరకు నెగ్గాను. నోటితో జవాబు చెప్పవలసిన చోట ఓడిపోయాను. ఓడిపోయాను అనడం కూడా సరికాదు, ఆ గదిలోకి వెళ్లనేలేదు.

అంగుత్తర నికాయంలో, తొమ్మిదింటి వర్గంలో, బలాలను గురించిన ఒక సుత్తం ఉంది. అందులో బుద్ధుడు ఐదు భయాలను పేర్కొంటాడు: ఆజీవిక భయం, అసిలోక భయం, పరిససారజ్జ భయం, మరణ భయం, దుగ్గతి భయం. బతుకుతెరువు గురించిన భయం, అపకీర్తి భయం, పదిమంది ముందు బెరుకు, చావు భయం, దుర్గతి భయం అని వీటి అర్థం. మరణం పక్కన సభాకంపాన్ని చేర్చి చెప్పడం గమనించండి. పదిమందిలో నిలబడవలసి వచ్చినప్పుడు నోరు ఎండిపోయి, గుండె దడదడలాడి, కాళ్లు పట్టు తప్పే మనిషి బాధను ఆయన చిన్నదిగా చూడలేదు. ఆ జాబితాలో మొదటి మూడు భయాలూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడుస్తాయి. పదిమందిని చూస్తే బెరుకు, అందువల్ల పని దొరకదు. పని దొరకకపోతే లోకం నోట్లో పడతాడు. లోకం నోట్లో పడినవాడికి పదిమందిని చూస్తే మరింత బెరుకు. నేను ఎనిమిదేళ్లు తిరిగిన గానుగ ఇదే.

నిజం చెప్పాలంటే ఈ సుత్తాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ప్రజ్ఞ, వీర్యం, అనవద్యం, సంగ్రహం అనే నాలుగు బలాలు ఉన్నవాడికి ఈ భయాలు ఉండవని అందులో ఉంది. తెలివిలేనివాడు, సోమరి, తప్పుచేసినవాడు, ఎవరినీ కలుపుకోనివాడు భయపడాలట. మా బంధువులు అనే మాటనే బుద్ధుడూ అంటున్నాడా అనుకుని పుస్తకం మూసేశాను. మళ్లీ తెరవడానికి చాలాకాలం పట్టింది. ఆ నాలుగో బలం సంగతి తరువాత చెబుతాను.

మన దీవుల్లో ఈ బాధకు కొన్ని ప్రత్యేకతలున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి సుమారు పదమూడుగురి మాతృభాష తెలుగు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంకొకటి, బజారులో హిందీ. మన యాస విని నవ్వినవాడి ముఖం చాలా ఏళ్లు గుర్తుండిపోతుంది. ఇక్కడ పెద్ద పరిశ్రమలు లేవు. ప్రభుత్వోద్యోగం కోసం ఎదురుచూడాలి, లేదా హోటలు, పడవ, పర్యాటకుల దగ్గర పని చూసుకోవాలి. అవన్నీ కొత్తవారితో రోజంతా మాట్లాడవలసిన పనులు. పైగా ఊరు చిన్నది. అబర్డీన్ బజారులో ఒక చివర నుండి రెండో చివరకు నడిచేలోగా “ఇంకా ఖాళీయేనా?” అని కనీసం ముగ్గురు అడుగుతారు. నేను ఆ ప్రశ్న తప్పించుకోవడానికి చాతం జెట్టీ దగ్గర బాంబూఫ్లాట్ వెళ్లే పడవ ఎక్కి, దిగకుండా అదే పడవలో వెనక్కి వచ్చేవాడిని. ఒక్కోరోజు నాలుగుసార్లు. గ్రంథాలయానికి వెళ్తున్నానని అమ్మతో చెప్పేవాడిని.

మరొక ప్రత్యేకత మన సభకు బాగా తెలిసినదే. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితా లేదు. సముద్రం దాటి వచ్చిన మన కుటుంబాల కులం కాగితం మీద చెరిగిపోయింది. నోటి మీద చెరగలేదు. తలవంచుకుని నిలబడడం తరతరాలుగా నేర్పిన సమాజంలో, తల ఎత్తి మాట్లాడలేకపోవడం ఆ ఒక్క కుర్రవాడి లోపమేనా? బాబాసాహెబ్ 1917లో విదేశీ చదువు నుండి తిరిగివచ్చి బరోడా ఉద్యోగంలో చేరినప్పుడు, ఆయన తలదాచుకున్న పార్సీ సత్రం మీదికి కర్రలు పట్టుకుని మనుషులు వచ్చారు. ఆయన బయటపడి ఒక ఉద్యానవనంలో గంటల తరబడి కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్లారు. అది భయరోగం కాదు, బయట నిజంగా కర్రలున్నాయి. ఈ తేడాను మనం జాగ్రత్తగా పట్టుకోవాలి. కర్రలు ఉన్నచోట కర్రల సంగతి చూడాలి. కర్రలు లేనిచోట కూడా అవి కనిపిస్తుంటే అది వేరే చికిత్స కోరే గాయం. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. నాలో రెండూ ఉన్నాయి.

2006లో మెయిన్‌ల్యాండ్‌లోని ఒక కళాశాల నుండి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అమ్మ నా ధ్రువపత్రాలన్నీ ఒక అట్ట ఫైలులో పెట్టి ఎర్ర దారంతో తానే ముడివేసి ఇచ్చింది. ఓడలో విశాఖపట్నం, అక్కడినుండి బస్సు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. రిజిస్టరులో సంతకం పెట్టాను. నా పేరు పిలిచారు. నేను లేచి, తలుపు వైపు కాక మెట్ల వైపు నడిచాను. కిందకు దిగి, రోడ్డు దాటి, బస్సు ఎక్కేశాను. ఇంటికి వచ్చి, “ముందే ఎవరికో ఇచ్చేశారట, మన పేరు చూసి లోపలికే రానివ్వలేదు” అని అమ్మతో చెప్పాను. అమ్మ ఆ మాట వీధి వీధంతా చెప్పింది. విన్నవారు ఆవేశపడ్డారు. అలాంటి అన్యాయం ఎన్నో చోట్ల నిజంగా జరుగుతుంది కనుక ఎవరూ అనుమానించలేదు. నా మనుషుల నిజమైన గాయాన్ని నా పిరికితనానికి దుప్పటిగా కప్పుకున్నాను. ఆ ఎనిమిదేళ్లలో నేను సిగ్గుపడవలసినది ఏదైనా ఉంటే అది నిరుద్యోగం కాదు, ఈ అబద్ధం. అబద్ధం భయాన్ని ఇంకా పెంచింది కూడా. ఎందుకంటే అప్పటినుండి నన్ను జాలిగా చూసే ప్రతి ముఖమూ నన్ను పట్టేసుకునే ముఖంలా కనిపించేది.

అంతకు ముందే ఒక వింత జరిగింది. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత కార్ నికోబార్ నుండి, హట్‌బే నుండి వేలమందిని పోర్ట్ బ్లెయిర్ శిబిరాలకు చేర్చిన సంగతి మీలో చాలామంది కళ్లారా చూశారు. మా వీధిలో రేవు కూలీగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవాడు. నేను ఆయనను మామా అని పిలిచేవాడిని. ఆయన నన్ను గుమ్మంలోనే పట్టుకుని, “చదువుకున్నోడివి కదా బాబూ, తప్పిపోయినోళ్ల పేర్లు రాసేవాళ్లు లేరు, రా” అన్నాడు. వెళ్లాను. పదకొండు రోజులు హిందీలో, తెలుగులో, వచ్చీరాని ఇంగ్లీషులో కొన్ని వందల మందితో మాట్లాడాను. ఒక్కసారి కూడా గొంతు వణకలేదు. ఎవరూ నన్ను చూడడం లేదు. తమవాళ్ల పేరు నేను సరిగ్గా రాస్తున్నానా లేదా అనే చూస్తున్నారు. పన్నెండో రోజు పని ముగిసింది, భయం తిరిగి వచ్చింది. అయితే నా భయం మనుషుల గురించి కాదని, మనుషులు నాకు వేసే మార్కుల గురించి అని అప్పుడు అర్థమైంది.

2008లో ఆ మామే నన్ను ప్రభుత్వ వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాడు. దీనికి ఒక పేరుందని, 1980 నుండి వైద్యగ్రంథాలలో దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించారని, చికిత్స ఉందని ఆ వైద్యుడు చెప్పాడు. ఎనిమిదేళ్లలో నాకు దక్కిన అతి పెద్ద ఊరట ఆ పది నిమిషాలు. సుమారు ఏడాది మాత్రలు వాడాను. దానితోపాటు ఒక కాగితం మీద మెట్లు రాసిచ్చాడు. అతి తక్కువ భయం కలిగించే పని కింద, అతి ఎక్కువ భయం కలిగించేది పైన. జంగ్లీఘాట్‌లో చేప ధర అడిగి కొనకుండా రావడం మొదటి మెట్టు. అడిగి కొనకుండా రావడం ఎంత కష్టమో చేపలమ్మే మన అక్కచెల్లెళ్లను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు! ఒక్కో మెట్టు మీద భయం తగ్గేవరకు అదే పని మళ్లీ మళ్లీ చేయాలి. మధ్యలో పారిపోతే భయం గెలిచినట్టు.

ఇంటికి వచ్చి మజ్ఝిమ నికాయంలోని భయభేరవ సుత్తం చదువుతుంటే ఆ కాగితం గుర్తొచ్చింది. జాణుస్సోణి అనే బ్రాహ్మణునితో బుద్ధుడు, బోధికి ముందు తాను అడవిలో గడిపిన రాత్రుల గురించి చెబుతాడు. నెమలి కొమ్మ విరిచినా, గాలికి ఆకులు కదిలినా, అదుగో భయం వస్తోంది అనిపించేదట. ఎప్పుడూ భయాన్నే ఎదురుచూస్తూ ఎందుకు కూర్చోవాలి అనుకుని, నడుస్తుండగా భయం వస్తే అది పోయేవరకు నిలబడలేదు, కూర్చోలేదు, నడుస్తూనే ఉన్నాడు. కూర్చున్నప్పుడు వస్తే కూర్చునే దాన్ని పోగొట్టుకున్నాడు. వైద్యుడు చెప్పింది ఇదే కదా. అంతమాత్రాన ఆధునిక వైద్యమంతా త్రిపిటకంలో ఉందని నేననను. అటువంటి గొప్పలు మనకు అవసరం లేదు. కానీ భయపడడం తనకూ తెలుసునని చెప్పిన గురువు మీద నా కోపం ఆ రోజు పోయింది.

ఇక నాలుగో బలం, సంగ్రహం. దానం, ప్రియవచనం, ఎదుటివారికి మేలు చేసే నడవడి, సమానంగా చూడడం అనే నాలుగింటితో మనుషులను కలుపుకోవడం. ఇది భయపడేవాడు ఒంటరిగా సంపాదించుకోగల బలం కాదు. అవతల కలుపుకునేవారు ఉండాలి. మామ ఒక్కనాడూ “ఉద్యోగం వచ్చిందా?” అని అడగలేదు. ఆదివారాలు వందనకు రమ్మనేవాడు. మొదట చాపలు వేయమన్నాడు. తరువాత మైకు తీగలు చూడమన్నాడు. తిసరణం అందరితో కలిసి పలకమన్నాడు. నలభై గొంతుల మధ్య నా గొంతును ఎవరూ వేరుచేసి వినలేరు, అదే నాకు కావలసింది. ఏడాది తరువాత ఏప్రిల్ 14న రాజ్యాంగ ప్రవేశిక చదవమన్నాడు. చేతులు వణికాయి, కాగితం బల్లమీద పెట్టి చదివాను. ఆ తరువాత ఇద్దరు పిల్లలకు ట్యూషను, తరువాత పదిమందికి, తరువాత ఒక కళాశాలలో తాత్కాలిక అధ్యాపకత్వం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ధ్యానం చేస్తే అన్నీ పోతాయని ఇటువంటి పిల్లలకు చెప్పకండి. ధ్యానం మంచిదే. కానీ గదిలో దాక్కోవాలనుకునేవాడికి అది తలుపుకు మరో గడియ కాగలదు. నేను ఆరు నెలలు అలా దాక్కున్నాను, నాలో వైరాగ్యం పుట్టిందని కూడా అనుకున్నాను. అలాగే పెళ్లి చేస్తే దారిలో పడతాడనే ఆలోచన మానండి. అది ఇంకొక ఇంటి బిడ్డ బతుకు. అతిథుల ముందు అతని గురించి మాట్లాడకండి. సంఘంలో చిన్న పని అప్పగించినప్పుడు, వీలైతే కొంచెం డబ్బు ఇవ్వండి. తన సంపాదనతో ఇంటికి అరకిలో చేపలు తెచ్చిన రోజు నాకు ఎంత బలమిచ్చిందో ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు.

యువకులకు ఒక సమాచారం. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసివేసింది. నా కాలంలో ఆ వెసులుబాటు లేదు. దాన్ని వాడుకోండి. వైద్యుని దగ్గరకు వెళ్లడానికే భయమైతే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ అది, ఉచితం, ముఖం చూపించనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

2011లో మొదటి జీతం అందుకున్న రాత్రి, ఆ పాత ఇంటర్వ్యూ సంగతి అమ్మకు చెప్పేశాను. అమ్మ బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు. “తెలుసు నాయనా. ఫైలుకి నేనేసిన ముడి నేనేసినట్టే వచ్చింది” అంది. మరి వీధంతా ఎందుకు చెప్పావు అని అడిగాను. “నీకు ఇంట్లోంచి బయటికి రావడానికి ఏదో ఒక మాట ఉండాలి కదా” అంది.

ఆ తల్లి ఈ సభలో ఉన్నారు. కుమారుడు కూడా గేటు వరకు వచ్చాడని ఇందాకే తెలిసింది. దయచేసి ఎవరూ అటు తిరిగి చూడవద్దు. భోజనాల దగ్గర విస్తళ్లు వేసేవారు ఇద్దరు తక్కువయ్యారని కార్యదర్శి గారు అంటున్నారు. నేను వెళ్తున్నాను, నాతో ఇంకొకరు కావాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.