రాళ్లబాట మీద ఆడవాళ్లు: 125 ఏళ్ల ఆలస్యం

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఫ్రాన్స్‌లో జరిగే సైకిల్ పందెం ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. ఒక పనికి ఎవరు అర్హులో, ఆ పని విలువ ఎంతో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే మనం ఎప్పుడూ అడిగే ప్రశ్న. పారిస్-రూబే పందెం చరిత్ర కూడా ఆ ప్రశ్న దగ్గరికే వస్తుంది.

రూబే ఉత్తర ఫ్రాన్స్‌లో బెల్జియం సరిహద్దు దగ్గరున్న ఊరు. ఒకప్పుడు ఉన్ని, బట్టల మిల్లులకు పేరుపొందింది. ఆ మిల్లుల్లో ఆడవాళ్లూ కార్మికులే. థియొడోర్ వియెన్, మారిస్ పెరెజ్ అనే ఇద్దరు మిల్లు యజమానులు అక్కడ సైకిల్ పందేల మైదానం కట్టించారు. దానికి పేరు తేవాలని పూనుకుని పారిస్ నుంచి రూబేకి పందెం పెట్టించారు. మొదటి పందెం 1896 ఏప్రిల్ 19న జరిగింది. జోసెఫ్ ఫిషర్ అనే జర్మన్ గెలిచాడు.

ఆ దారిలో పొలాల మధ్య బండరాళ్లు పరిచిన పాత బాటలున్నాయి. ఎండకు దుమ్ము, వానకు బురద. చక్రం జారుతుంది, చేతులు బొబ్బలెక్కుతాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919లో దారి చూడబోయినవాళ్లకు ఫిరంగి గుంటలు, మోడువారిన చెట్లు కనిపించాయి. అప్పటి నుంచి దీనికి 'ఉత్తరాది నరకం' అన్న పేరు నిలిచిపోయింది. తర్వాత పల్లెబాటలకు తారు పడుతుంటే, మిగిలిన రాళ్లబాటలను వెతికి మరీ పందెంలో చేర్చారు. 1968లో చేర్చిన ఆరెన్‌బర్గ్ అడవి బాటను సూచించిన జాన్ స్టాబ్లిన్‌స్కీ ఆ గనిలో పనిచేసినవాడే.

రాళ్ల గురించి ఇంత ఆలోచించారు. ఆడవాళ్ల గురించి మాత్రం ఆలోచించలేదు. పందెం పుట్టిన 1896లోనే అమెరికాలో సూసన్ బి. ఆంథోనీ, స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు మరే వస్తువూ చేయలేదని ఒక పత్రికతో అన్నది. అయినా ఈ పందెంలో స్త్రీలకు చోటు దొరకడానికి 125 ఏళ్లు పట్టింది. 2020లో పెడతామన్నారు, కోవిడ్ వల్ల అది రద్దయింది. చివరికి 2021 అక్టోబర్ 2న జరిగింది.

బ్రిటన్‌కు చెందిన లిజీ డైగ్నన్ మొదటి రాళ్లబాట మీదే అందరినీ వదిలి ముందుకెళ్లింది. ఇంకా ఎనభై కిలోమీటర్లకు పైగా మిగిలి ఉండగా ఒంటరిగా తొక్కి గెలిచింది. చేతులకు తొడుగులు లేవు. సైకిల్ హ్యాండిల్ మీద ఆమె అరచేతుల నెత్తురు కనిపించింది.

ఆమెకు ఇచ్చిన బహుమతి 1,535 యూరోలు. మర్నాడు మగవాళ్ల పందెం గెలిచినతనికి 30,000. అంటే ఇరవయ్యో వంతు! మగవాళ్ల దూరం ఎక్కువ కదా అంటారు. సరే, లెక్క వేద్దాం. వాళ్లది సుమారు 257 కిలోమీటర్లు, వీళ్లది 116. దూరం ప్రకారం చూసినా ఆమెకు 13,000 పైచిలుకు రావాలి. పైగా ఆ దూరాన్ని తగ్గించింది ఆడవాళ్లు కాదు, నిర్వాహకులు. తేలికపాటి పని వీళ్లే అప్పగించి, పని తేలిక కాబట్టి కూలి తక్కువ అనడం మన పొలాల్లో మనకు తెలియని వాదనా? ఆ తేడాను చివరికి ఆమె జట్టు భర్తీ చేసింది. అది జట్టు మంచితనం. హక్కు మంచితనం మీద ఆధారపడకూడదు.

ఇంకో మాట. ఆ గెలుపు నాటికి డైగ్నన్ ఒక బిడ్డ తల్లి. 2018లో ఆమె గర్భవతిగా ఉన్నప్పుడే ఆ జట్టు ఆమెతో ఒప్పందం చేసుకుంది. పై స్థాయి మహిళా జట్లలో కనీస జీతం, ప్రసూతి సెలవు అంతర్జాతీయ సమాఖ్య నియమాల్లోకి 2020లో గానీ రాలేదు. అంతకుముందు తల్లి కావాలనుకున్నవాళ్లలో ఎంతమంది సైకిలు దిగిపోవలసి వచ్చిందో ఎవరు లెక్కపెట్టారు?

2022లో ఇటలీకి చెందిన ఎలిసా లోంగో బోర్ఘిని, 2023లో కెనడాకు చెందిన అలిసన్ జాక్సన్, 2024లో బెల్జియంకు చెందిన లోట్ కొపెకి, 2025లో ఫ్రాన్స్‌కు చెందిన పోలీన్ ఫెరాన్-ప్రెవో గెలిచారు. ఆడవాళ్లు ఈ దారి తొక్కలేరన్న మాటకు ఇక తావు లేదు. అయితే ప్రవేశం దొరకడం సగం పోరాటమే. లోపలికి వెళ్లాక మన శ్రమకు ఎంత కడుతున్నారో అడగడం మిగతా సగం. మనం పనిచేసే ప్రతిచోటా ఈ రెండో ప్రశ్న కూడా వేద్దాం.