సమాధి లేని సహోదరుడు



విజయవాడలో మా సంఘ యవనస్థులు ఈసారి ఒక గ్రీకు నాటకం వేస్తామన్నారు. ఏటా వేసే తప్పిపోయిన కుమారుడు కాదట! క్రీ.పూ. 441 ప్రాంతంలో సోఫోక్లీస్ రాసిన ‘ఆంటిగొని’. కథ చిన్నదే. తీబ్స్ పట్టణం కోసం ఇద్దరు అన్నదమ్ములు పోరాడి ఒకరినొకరు చంపుకున్నారు. రాజైన క్రెయోను ఒకనికి ఘనంగా సమాధి చేయించాడు. రెండవవాడు పట్టణం మీదికి దండెత్తినవాడు గనుక శవాన్ని కుక్కలకు, గద్దలకు వదిలేయమన్నాడు. పాతిపెట్టినవారికి మరణమే. తోబుట్టువు ఆంటిగొని వెళ్లి ఆ శవం మీద మట్టి చల్లింది.

మీకు రిస్పా జ్ఞాపకం రావడం లేదా? 2 సమూయేలు 21వ అధ్యాయం చూడండి. ఆ తల్లి గోనెపట్ట పరచుకొని, యవలకోత మొదలు వాన కురిసేవరకు, కుమారుల శవాల మీద పగలు పక్షులను, రాత్రి మృగములను వాలనివ్వలేదు. దావీదు అది విని ఎముకలు సమకూర్చి పాతిపెట్టించాడు. క్రెయోను మనసు మార్చుకునేసరికి ఆంటిగొని ప్రాణం పోయింది.

ఈ కథను మన డెల్టాలో ఎక్కడ జరిగినట్టు చూపిద్దామని పిల్లలు అడిగితే ఒకరు చుండూరు అన్నారు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపి, కొందరి శవాలను గోతాల్లో కట్టి కాలువలో పడేశారు. వారినవాళ్లు ఊరి నడుమనే పాతిపెట్టుకున్నారు. ఆ చోటు రక్తక్షేత్రం. 2007లో ప్రత్యేక కోర్టు 21మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు కొట్టివేసింది.

సరైన చోటే. అయినా నాకు తృప్తి కలగలేదు. చుండూరులో పెడితే క్రెయోను ఇంకెవరో అవుతాడు, మనం కూర్చొని చూస్తాం.

చాలా ఏళ్ల క్రితం నేనొక సంఘ కమిటీలో ఉండగా ఒక యవనస్థుడు ఉరివేసుకొని చనిపోయాడు. అతని అక్క వచ్చి సమాధుల తోటలో జాగా అడిగింది. పెద్దలు చెడ్డవారు కారండీ. “ఇతనికిస్తే రేపు ఎవరిని కాదనగలం? క్రమం ఏమైపోవాలి?” అన్నారు. క్రెయోను వాదం కూడా అదే. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను మినిట్స్ పుస్తకం వైపు చూశాను. కాలువగట్టు పక్కన పాతిపెట్టుకున్నారు. మరునాడు పరామర్శకు వెళితే మంచినీళ్లు ఇచ్చింది గాని మాట్లాడలేదు.

ద్వితీయోపదేశకాండము 21:23 నేను ఆ తర్వాత చదివాను. మ్రాను మీద వ్రేలాడిన శాపగ్రస్తుని సైతం ఆ దినమే పాతిపెట్టమని ఉంది.

నాటకంలో ఇస్మీని అని ఇంకొక తోబుట్టువుంది. రాజాజ్ఞకు భయపడి మొదట వెనక్కి తగ్గింది. ఆంటిగొని పట్టుబడ్డాక పరుగున వచ్చి నేనూ చేశానంటుంది. ఆంటిగొని ఒప్పుకోదు. అరిమతయియ యోసేపు కూడా సభ్యుడే, యూదులకు భయపడి రహస్యంగా ఉన్న శిష్యుడే. కాని ఆ సాయంకాలమే తెగించి పిలాతు దగ్గరికి వెళ్లాడు. మరునాడు కాదు.

పిల్లలు పాత్రలు పంచుకుంటున్నారు. ఆంటిగొనికి నలుగురు పోటీపడ్డారు. క్రెయోనుకూ ఒకతను దొరికాడు. ఇస్మీని మాత్రం ఎవరికీ వద్దట. ఆ వేషం వేసే అమ్మాయిని నా దగ్గరికి పంపమన్నాను. ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో నేను చెప్పగలను.

ప్రార్థన చేసుకుందాం.